సోషల్ మీడియాలో ఇంతగా ఎందుకు పోస్టులు పెడతాం?

కూకట్‌పల్లి కబుర్లు | శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మనుషులు సోషల్ మీడియాలో ఇంతలా ఎందుకు పోస్టులు పెడతారు? "షో చేయడానికి" అని చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు కానీ నాకు ఆ జవాబు సరిపోవడం లేదు. మా అమ్మకి అరవై దగ్గర పడ్డాయి. పొద్దున్నే ముగ్గు ఫోటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి, సాయంత్రం ఎవరెవరు చూశారో ఒక్కొక్క పేరూ చదువుకుంటుంది, డల్లాస్‌లో ఉన్న అక్క పేరు కనబడితే ఆ పూటంతా హుషారుగా ఉంటుంది. మా తమ్ముడు జిమ్ ఫోటో పెట్టి గంటలో లైకులు రాకపోతే తీసేస్తాడు. ఆఫీసులో ఒకాయన రోజూ రాజకీయాల మీద నిప్పులు చెరుగుతూ రాస్తాడు, ఎదురుపడితే మాత్రం గట్టిగా మాట కూడా రాదు. ఈ ముగ్గురూ చేస్తున్నది ఒకే పనా, మూడు వేర్వేరు పనులా? తెలిసినవాళ్ళు వివరంగా రాయండి, నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది.

రాత్రి షిఫ్ట్ | శనివారం రాత్రి 9:31

నా లెక్కలో ముగ్గురిదీ ఒకటే, నన్ను చూడండి అనడమే. గచ్చిబౌలిలో మా టీమ్‌లో ఎవరైనా కారు కొంటే షోరూమ్‌లో తాళం చెవి పట్టుకున్న ఫోటో, ఫ్లాట్ కొంటే పాలు పొంగించిన ఫోటో, అమెరికా వెళ్తే శంషాబాద్‌లో బోర్డింగ్ పాస్ ఫోటో. ఆ ఫ్లాట్‌కి నెలనెలా కట్టే ఈఎంఐ గురించి ఎవరూ రాయరు. చూసినవాళ్ళు తమ జీవితాన్ని దానితో పోల్చుకుని బాధపడటం తప్ప దానివల్ల ఏం లాభం చెప్పండి.

ఓయూ సైకాలజీ | శనివారం రాత్రి 10:20

షిఫ్ట్ గారూ, మీరన్నది లేదని అనను. కానీ అది సగమే. నేను ఉస్మానియాలో సైకాలజీ పీజీ చేస్తున్నాను, చదివినంతలో రాస్తాను.

మనిషి మామూలు మాటల్లో 30 నుంచి 40 శాతం దాకా తన సంగతులే చెప్పుకుంటాడని ఇంటర్నెట్ రాకముందు నుంచే పరిశోధకులు గమనించారు. 2012లో హార్వర్డ్‌లో డయానా తమీర్, జేసన్ మిచెల్ దీని మీద ప్రయోగాలు చేశారు. తమ గురించి చెప్పుకునేటప్పుడు మెదడును స్కాన్ చేస్తే, తిండి దొరికినప్పుడు, డబ్బు వచ్చినప్పుడు పనిచేసే భాగాలే చురుగ్గా కనిపించాయి. ఇంకో ప్రయోగంలో ప్రతి ప్రశ్నకీ కొంచెం డబ్బు పెట్టారు. వేరేవాళ్ళ గురించి చెబితే కాస్త ఎక్కువ వస్తుందని తెలిసినా తమ గురించి చెప్పే ప్రశ్ననే ఎంచుకున్నవాళ్ళు చాలామంది, అలా రావలసిన డబ్బులో 17 నుంచి 25 శాతం దాకా వదులుకున్నారు. చెప్పింది ఇంకొకరికి చేరుతుందంటే ఆ ఇష్టం ఇంకా పెరిగింది.

అదే ఏడాది బోస్టన్ యూనివర్సిటీలో నాద్‌కర్ణి, హాఫ్‌మన్ అనే ఇద్దరు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ చదివి, ఫేస్‌బుక్ వాడకం వెనక రెండు అవసరాలు ఉన్నాయన్నారు. నావాళ్ళు అనుకునేవాళ్ళ మధ్య ఉండాలనే అవసరం ఒకటి, నన్ను నేను ఫలానా మనిషిగా చూపించుకోవాలనే అవసరం ఇంకొకటి. కబుర్లు గారూ, మీ అమ్మగారిది ఎక్కువగా మొదటిది, మీ తమ్ముడిది ఎక్కువగా రెండోది. ఆఫీసాయన సంగతి వేరే, దానికి మళ్ళీ వస్తాను.

సన్నజాజి | శనివారం రాత్రి 10:47

షిఫ్ట్ తమ్ముడూ, నువ్వు ఆ పాలు పొంగించిన ఫోటో చూసేవాడి వైపు నుంచే రాశావు, పెట్టినవాళ్ళ వైపు నుంచి కూడా ఒకసారి చూడు. ఇల్లు కట్టుకుని చుట్టాలకి చెప్పకపోతే పెద్ద మాటే అవుతుంది. "ఇల్లు కొన్నారట, మాకు ఒక్క మాటైనా చెప్పలేదు" అని పెళ్ళిళ్ళలో పదిమంది ముందు అడుగుతారు. అందరికీ విడివిడిగా ఫోన్ చేసే ఓపిక ఎవరికి ఉంది? ఒక్క ఫోటోతో ఆ పని అయిపోతుంది.

అలాగని అన్నీ పెట్టేయరు. కడుపుతో ఉన్నప్పుడు ఎంతమంది పెడుతున్నారు? రోజూ తిన్న బిర్యానీ, కొన్న చీర పెట్టే అమ్మాయే నెల తప్పిన సంగతి శ్రీమంతం దాకా బయటపెట్టదు. పుట్టాక కూడా పాప ముఖం మీద గుండె బొమ్మ అతికించి పెడతారు. దిష్టి అని మనం ఒక్క మాటలో అంటాం గానీ, చూసేవాళ్ళలో మన మేలు కోరని కళ్ళు కూడా ఉన్నాయని పెట్టేవాళ్ళకి బాగా తెలుసు. అంత ఆలోచించి పెట్టేదాన్ని ఉత్త షో అంటే నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు.

ఇంకో రకం ఉంది, దాని గురించి ఎవరైనా చెబుతారేమో అని చూస్తున్నా. ఒక్క మనిషి కోసం పెట్టే స్టేటస్. "నమ్మినవాళ్ళే వెన్నుపోటు పొడుస్తారు" అని వెనక సముద్రం బొమ్మతో ఒక కొటేషన్ వస్తుంది. కాంటాక్టుల్లో మూడు వందల మంది ఉంటే రెండు వందల తొంభై తొమ్మిది మందికి ఏమీ అర్థం కాదు, తగలాల్సిన ఒక్కరికి తగులుతుంది. మా వైపు చుట్టాల్లో తోడికోడళ్ళ మధ్య ఇది నెలల తరబడి నడిచింది, ఒకరు పొద్దున పెడితే ఇంకొకరు మధ్యాహ్నానికి జవాబు పెట్టేవారు, ఎదురుపడితే మాత్రం "వదినా, కాఫీ తాగుతావా" అనుకునేవాళ్ళు. నేరుగా అడిగితే ఇల్లు రెండు ముక్కలవుతుంది, మింగుదామంటే మింగుడుపడదు. ఉమ్మడి కుటుంబంలో ఆడవాళ్ళకి ఎదురు మాట అనే వీలు ఎప్పుడూ తక్కువే, వాళ్ళకి ఈ స్టేటస్ ఒక నోరు ఇచ్చింది. దాన్ని చూసి నవ్వేవాళ్ళంటే నాకు బాధగా ఉంటుంది.

ఓయూ సైకాలజీ | శనివారం రాత్రి 11:05

అక్కా, ఇది మా క్లాసులో ఎవరూ చెప్పని సంగతి, కానీ చదివిన ఒకదానికి దగ్గరగా ఉంది. మామూలుగా మనం అత్తగారితో ఒకలా, స్నేహితులతో ఒకలా, బాస్‌తో ఒకలా మాట్లాడతాం. సోషల్ మీడియాలో వాళ్ళందరూ ఒకే గదిలో కూర్చున్నట్టు అయిపోతుంది. డానా బోయిడ్, ఆలిస్ మార్విక్ అనే పరిశోధకులు ట్విట్టర్ వాడేవాళ్ళతో మాట్లాడి దీని మీద వివరంగా రాశారు. అందరూ వింటున్నప్పుడు కొందరు ఎవరికీ నొప్పి కలగని మాటలే రాస్తారు, కొందరు కావలసినవాళ్ళకి మాత్రమే అర్థమయ్యేలా రాస్తారు. మీరు చెప్పిన తోడికోడళ్ళు చేసింది రెండోది.

మల్కాజ్‌గిరి మాస్టారు | ఆదివారం ఉదయం 6:30

నేను మామూలుగా చదివి ఊరుకుంటాను. చాలామంది నాలాంటివాళ్ళే. 2006లోనే జేకబ్ నీల్సన్ అనే ఆయన ఒక లెక్క రాశాడు, ఇలాంటి ఆన్‌లైన్ గుంపుల్లో నూటికి 90 మంది చూసి ఊరుకుంటారు, 9 మంది అప్పుడప్పుడు రాస్తారు, ఎక్కువ భాగం రాసేది ఆ మిగిలిన ఒక్కరే అని. కాబట్టి "మనుషులు ఎందుకు పోస్టు పెడతారు" అన్నప్పుడు మనం మాట్లాడుతున్నది కొద్దిమంది గురించేనని గుర్తుపెట్టుకోవాలి.

నాకు ఎక్కువగా తోచేది వేరే. పేరు నలుగురికీ వినబడాలన్న కోరిక ఈ ఫోన్లతో రాలేదు. వివిధ భారతిలో శ్రోతలు కోరిన పాటలు వేసే రోజుల్లో మా వీధిలో పోస్టుకార్డు రాయని ఇల్లు లేదు. పాట అందరికీ తెలిసిందే, ఇంకెవరో కోరినా వినొచ్చు. కానీ "మల్కాజ్‌గిరి నుంచి" అని ఊరి పేరుతో కలిపి తన పేరు చదువుతుంటే వినాలని కార్డులు రాసేవాళ్ళు. రేడియో ముందు ఇంటిల్లిపాదీ కూర్చునేవాళ్ళు, పేరు రాకపోతే మళ్ళీ వారం ఇంకో కార్డు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, నేనూ రాశాను.

కానీ రేడియోలో పేరు చదివాక అది ఎంతమందికి నచ్చిందో ఎవరూ లెక్క చెప్పలేదు. పక్కింటివాళ్ళ పేరుకి నాలుగు వందలు, మన పేరుకి పదకొండు అని పక్కపక్కన చూపించలేదు. ఫేస్‌బుక్‌లో లైక్ బటన్ 2009 ఫిబ్రవరిలో వచ్చింది. అంతకుముందు ఐదేళ్ళు ఆ సైటు అది లేకుండానే నడిచింది. చెప్పుకోవాలన్న ఆశ పాతదే, దాని పక్కన అంకె పెట్టడమే కొత్త. మీ తమ్ముడు గంటలో ఫోటో తీసేయడానికి కారణం ఫోటో కాదమ్మా, ఆ అంకె.

అమీర్‌పేట్ హాస్టల్ | ఆదివారం ఉదయం 8:15

మాస్టారూ, చదివి కాసేపు అలాగే ఉండిపోయాను. నేను గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నా. ఊరు దూరం, రూమ్‌లో నలుగురం, ఎవరి టెన్షన్ వాళ్ళది. రాత్రి చదువు అయ్యాక ఇన్‌స్టాలో ఒక ఫోటో పెడితే పొద్దున లేవగానే మొదట చూసేది అదే. ఎక్కువ వస్తే ఆ రోజు చదువు బాగా సాగుతుంది, తక్కువ వస్తే నేను చేస్తున్నదంతా వేస్ట్ అనిపిస్తుంది. లైక్‌కి పరీక్షకి ఏం సంబంధమో నాకే తెలియదు. ఇది అందరికీ ఉంటుందా?

ఓయూ సైకాలజీ | ఆదివారం ఉదయం 9:40

చాలామందికి ఉంటుంది తమ్ముడూ. 2016లో లాస్ ఏంజెలెస్‌లో 13 నుంచి 18 ఏళ్ళ మధ్య పిల్లలు 32 మందిని స్కానర్‌లో పడుకోబెట్టి ఇన్‌స్టాలాంటి తెర చూపించారు. వాళ్ళ ఫోటోల కింద లైకుల సంఖ్యను పరిశోధకులే నిర్ణయించారు. తమ ఫోటోకి ఎక్కువ లైకులు కనబడినప్పుడు మెదడులో సంతోషానికి సంబంధించిన భాగం బాగా స్పందించింది. ఇతరుల ఫోటోల్లో కూడా ముందే ఎక్కువ లైకులు ఉన్నవాటికే వాళ్ళూ లైక్ కొట్టారు. ఫోటోలో ఏముందన్నది అంత పట్టలేదు.

2021లో వచ్చిన ఇంకో పరిశోధన నాలుగు వేల మందికి పైగా మనుషులు పెట్టిన పది లక్షలకి పైగా పోస్టుల్ని చూసింది. లైకులు బాగా వస్తుంటే త్వరత్వరగా పెడతారు, తగ్గితే ఆలస్యం చేస్తారు. ప్రయోగశాలలో తిండి కోసం మీట నొక్కే ఎలుకల ప్రవర్తనకు వేసే లెక్కే మనుషుల పోస్టులకీ సరిపోయింది. అందులోనూ ఎప్పుడు ఎన్ని వస్తాయో తెలియకపోవడమే గట్టిగా పట్టి ఉంచుతుంది, స్కిన్నర్ అనే సైకాలజిస్టు 1950ల్లోనే పావురాల మీద ఈ సంగతి చూపించాడు. చేప ఎప్పుడు పడుతుందో తెలియదు కాబట్టే గాలం వేసినవాడు చెరువు గట్టు వదలడు.

నీ విషయంలో నాకు అనిపించేది ఒకటి చెప్తా. పోటీ పరీక్షలో ఏళ్ళు గడిచినా నువ్వు ఎంత ముందుకెళ్ళావో చెప్పేవాళ్ళు ఉండరు. నోటిఫికేషన్ ఎప్పుడో, రిజల్ట్ ఎప్పుడో. అలాంటి చోట వెంటనే వచ్చే అంకె ఏదైనా సరే మనసు దాన్నే మార్కుల్లా పట్టుకుంటుంది. అది నీ బలహీనత అనుకోకు.

పాతబస్తీ కెమెరా | ఆదివారం ఉదయం 11:02

సలాం అందరికీ. చార్మినార్ దగ్గర ఫోటోలు తీస్తూ బతికేవాణ్ణి, ఈ టాపిక్ నా పొట్టకూటికి సంబంధించింది కాబట్టి రాస్తున్నా. వచ్చినవాళ్ళలో చాలామంది చార్మినార్‌కి వీపు చూపించి నిలబడతారు, ఫోటో చూసుకుంటారు, బాగా వస్తే వెళ్ళిపోతారు. తల ఎత్తి ఆ సున్నపు పని చూసేవాళ్ళు తక్కువ. 2020 సెప్టెంబర్‌లో దుర్గం చెరువు మీద కేబుల్ బ్రిడ్జి మొదలైనప్పుడు కూడా చూశాం కదా, సెల్ఫీల కోసం జనం రోడ్డు మీదే నిలబడితే పోలీసులకి పెద్ద పని అయింది.

అయితే ఫోటో తీయడమే చెడ్డది అనే మాట నేను ఒప్పుకోను. లిండా హెంకెల్ అనే ఆమె మ్యూజియంలో చేసిన ప్రయోగం 2014లో వచ్చింది, ఫోటో తీసిన వస్తువులు ఊరికే చూసినవాటికంటే తక్కువ గుర్తున్నాయట. ఈ వార్త అందరూ షేర్ చేస్తారు. అదే ప్రయోగంలో వస్తువులో ఒక భాగాన్ని జూమ్ చేసి తీసినవాళ్ళకి జ్ఞాపకం తగ్గలేదు, ఆ సంగతి మాత్రం ఎవరూ షేర్ చేయరు. అంటే చూసి తీస్తే పోదు. ఇంకా 2018లో బరాష్, డీల్, జాబర్‌మన్ చేసిన ప్రయోగాల్లో, తమ జ్ఞాపకం కోసం ఫోటోలు తీసుకున్నవాళ్ళకంటే సోషల్ మీడియాలో పెట్టాలని తీసినవాళ్ళు ఆ సమయాన్ని తక్కువ ఆనందించారు. చూసేవాళ్ళు ఏమనుకుంటారో అన్న ఆలోచన అప్పుడే మొదలవుతుంది. నేను రోజూ కళ్ళారా చూసేదే. అమ్మకి చూపించడానికి తీయించుకునే ముసలాయన ఫోటో తీస్తుంటే నవ్వుతాడు, రీల్ కోసం వచ్చినవాళ్ళు కెమెరా ఆపగానే నవ్వడం మానేస్తారు.

రక్తదాత ఎల్బీనగర్ | ఆదివారం మధ్యాహ్నం 1:25

అందరూ లైకుల గురించే మాట్లాడుతున్నారు, నాదొక మాట. 2020 అక్టోబర్ వరదల్లో మా వైపు కాలనీలు నీళ్ళలో మునిగినప్పుడు ఎక్కడ ఎంత లోతు ఉందో, ఎవరి ఇంట్లో పెద్దవాళ్ళు చిక్కుకున్నారో పోస్టుల్లోనే తెలిసింది. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఆక్సిజన్, బెడ్లు, ప్లాస్మా కోసం ముక్కూమొహం తెలియని వాళ్ళు రాత్రంతా ఫోన్లు చేసి వెరిఫై చేసి పోస్టులు పెట్టారు. అప్పుడు ఎవరూ లైకులు లెక్కపెట్టుకోలేదు. ఫేస్‌బుక్ రక్తదాతల కోసం 2017లో తెచ్చిన సదుపాయం మొదలైంది మన దేశంలోనే.

అయితే ఇందులో ఇంకో మనస్తత్వం ఉంది, అది నన్ను బాధపెడుతుంది. ఎప్పుడో ముగిసిపోయిన రక్తం రిక్వెస్టులు ఇంకా తిరుగుతుంటాయి. నంబరుకి ఫోన్ చేస్తే "మా నాన్న పోయి రెండేళ్ళయింది బాబూ" అంటారు. పంపినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఒక పసిపిల్ల ఫోటో చూస్తే గుండె తరుక్కుపోతుంది, ఏదో ఒకటి చేయాలి, చేతిలో ఉన్నది ఫార్వర్డ్ బటన్ ఒక్కటే. నొక్కగానే మనసు కుదుటపడుతుంది. అక్కడితో సాయం చేసినట్టు అనిపిస్తుంది కాబట్టి తేదీ చూడరు, ఫోన్ చేసి కనుక్కోరు. దయచేసి తేదీ, ఆసుపత్రి, నంబరు లేని రిక్వెస్టు పంపకండి, అవసరం తీరిపోతే మీరు పెట్టిన పోస్టు మీరే తీసేయండి.

రాత్రి షిఫ్ట్ | ఆదివారం సాయంత్రం 4:10

ఇంతమంది ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. రక్తదాత అన్నా చెప్పింది కాదనలేను, సన్నజాజి అక్క చెప్పింది కూడా. కానీ కారు ఫోటోల మీద నా మాట మీదే ఉన్నా. సరే, ఆ ఆఫీసాయన సంగతి ఎవరూ చెప్పలేదు. నాకు అసలు భయం అక్కడే ఉంది.

ఓయూ సైకాలజీ | ఆదివారం సాయంత్రం 5:55

దానికే వస్తున్నా. 2004లో జాన్ సూలర్ అనే సైకాలజిస్టు, మనుషులు ఎదురుగా అనలేని మాటలు ఆన్‌లైన్‌లో ఎందుకు అంటారో రాశాడు. ఎదుటివాళ్ళ ముఖం కనబడదు, జవాబు వెంటనే రాదు, పై అధికారి అన్న తేడా తెలియదు. నోరు కట్టేసుకుని బతికే మనిషికి అది పెద్ద స్వేచ్ఛ. అక్క చెప్పిన తోడికోడళ్ళకి దొరికిందే ఆయనకీ దొరికింది.

కానీ కోపానికి ఒక అదనపు చిక్కు ఉంది. 2017లో బ్రేడీ అనే పరిశోధకుడి బృందం ట్విట్టర్‌లో వివాదాల మీద వచ్చిన మాటల్ని పరిశీలిస్తే, నీతికీ ఆవేశానికీ సంబంధించిన ఒక్కో మాట చేరినకొద్దీ ఆ ట్వీట్ షేర్ అవడం దాదాపు 20 శాతం పెరిగింది. 2021లో బ్రేడీ ఇంకో బృందంతో కలిసి ఏడు వేల మందికి పైగా రాసిన కోటీ ఇరవై లక్షలకి పైగా ట్వీట్లు చూశాడు. కోపంగా రాసినప్పుడు లైకులు ఎక్కువ వచ్చినవాళ్ళు తర్వాత ఇంకా కోపంగా రాయడం అలవాటు చేసుకున్నారు. ఆయన మనసులో ఉన్న కోపం నిజమే అయ్యుండొచ్చు, కానీ ఎంత కోపంగా రాయాలో చదివేవాళ్ళు కొంచెం కొంచెంగా నేర్పుతున్నారు. ఆ లైకులు కొట్టేవాళ్ళలో మనమూ ఉంటాం.

కూకట్‌పల్లి కబుర్లు | ఆదివారం రాత్రి 8:30

అందరికీ చాలా థ్యాంక్స్. ఇంకొక్క ప్రశ్న. అమ్మకి నిజంగా దీనివల్ల ఒంటరితనం తగ్గుతుందా, లేక తగ్గినట్టు అనిపిస్తుందా? నాన్న పోయాకే ఈ స్టేటస్‌లు మొదలయ్యాయి, అందుకే అడుగుతున్నా.

ఓయూ సైకాలజీ | ఆదివారం రాత్రి 9:15

2013లో డీటర్స్, మెల్ అనే ఇద్దరు కాలేజీ విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. కొందరిని ఒక వారం పాటు మామూలుకంటే ఎక్కువ స్టేటస్‌లు పెట్టమన్నారు. వాళ్ళలో ఒంటరితనం తగ్గింది, స్నేహితులతో రోజూ కలిసి ఉన్నట్టు అనిపించడమే కారణం, ఎవరైనా జవాబిచ్చారా లేదా అన్నదానితో సంబంధం లేకుండా. 2015లో వెర్డైన్ బృందం చేసిన పరిశోధనలో, ఏమీ పెట్టకుండా ఇతరులవి చూస్తూ కూర్చున్నవాళ్ళ మనసు ఆ తర్వాత కిందికి దిగింది. కాబట్టి అమ్మగారిని ఆపకండి. ఆ ప్రయోగాలు కుర్రవాళ్ళ మీద చేసినవి, కానీ మీరు రాసిన హుషారు మీ కళ్ళతో చూసిందే కదా.

సన్నజాజి | ఆదివారం రాత్రి 9:32

మీ అక్కకి ఒక మాట చెప్పండి అమ్మా. చూసి ఊరుకోకుండా "ఈ చుక్కల ముగ్గు ఎన్ని చుక్కలమ్మా" అని రాయమనండి, లేదా ఫోన్ చేసి అదే అడగమనండి. మంచి సంగతి చెప్పినప్పుడు ఎదుటివాళ్ళు ఆసక్తిగా ఇంకో ప్రశ్న అడిగితే చెప్పినవాళ్ళ సంతోషం ఎంత పెరుగుతుందో తల్లులందరికీ తెలుసు.

అమీర్‌పేట్ హాస్టల్ | ఆదివారం రాత్రి 10:05

ఓయూ అన్నా, ఇన్‌స్టాలో లైకుల అంకె కనబడకుండా చేయొచ్చా? ఎక్కడుందో చెప్పగలరా.

ఓయూ సైకాలజీ | ఆదివారం రాత్రి 10:12

చేయొచ్చు. 2019లో కొన్ని దేశాల్లో పరీక్షించి, 2021 మే నుంచి అందరికీ ఇచ్చారు. నీ పోస్టు పైన మూడు చుక్కలు నొక్కితే లైకుల సంఖ్య దాచే ఆప్షన్ ఉంటుంది, అది ఇతరులకి కనబడకుండా చేస్తుంది. ఇతరుల పోస్టుల మీద అంకెలు నీకు కనబడకూడదంటే సెట్టింగ్స్‌లో విడిగా ఇంకో ఆప్షన్ ఉంది, రెండూ పెట్టుకో. నీ పోస్టుకి ఎవరు లైక్ కొట్టారో పేర్లు మాత్రం నువ్వు చూసుకోవచ్చు. నోటిఫికేషన్లు కూడా పరీక్ష అయ్యేదాకా ఆపేయ్, లేకపోతే అంకె దాచినా ఫోన్ మోగుతూనే ఉంటుంది.